తెలుగు హెల్ప్‌కు వెబ్ రూపాన్ని ఎంచుకున్న తీరు

వ్యవసాయ సహకార సంఘాల లెక్కలు నిర్వహించే ఒక సాఫ్ట్‌వేర్‌కు సహాయ పత్రాలు రాయడం కొన్నేళ్లుగా నా ఉద్యోగం. ఎఫ్1 మీట నొక్కితే తెరుచుకొనే హెల్ప్ మొదట్లో ఇంగ్లీషులో మాత్రమే, అది కూడా సీహెచ్‌ఎం ఫైలుగా, అంటే విండోస్‌లో హెల్ప్ పేజీలన్నిటినీ ఒకే ఫైలుగా కట్టే రూపంలో ఉండేది. సంఘాల కార్యదర్శులు, గుమస్తాలు రోజంతా తెలుగులోనే పద్దులు రాసుకుంటారు కనుక హెల్ప్ కూడా తెలుగులో ఉండాలని నిర్ణయించాం. అప్పుడు రాయడం కంటే ముందే, రాసినదాన్ని ఏ రూపంలో అందించాలన్న ప్రశ్న ఎదురైంది. ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ నేను తెలుసుకున్న విషయాలు తెలుగులో హెల్ప్ తయారుచేసే మరొకరికి ఉపయోగపడతాయన్న ఆశతో ఇది రాస్తున్నాను.

సీహెచ్‌ఎం రూపం 1997లో వచ్చింది. వందల పేజీలు, విషయసూచిక, సెర్చ్ అన్నీ ఒకే ఫైలులో ఒదిగిపోతాయి కాబట్టి అందించడం ఎంతో సులభం. అయితే తెలుగు పేజీలతో ప్రయత్నించి చూస్తే, కుడివైపు పేజీలోని తెలుగు చక్కగానే కనిపించింది కానీ ఎడమవైపు విషయసూచిక నిండా ప్రశ్నార్థకాలు నిలిచాయి. పేజీలను చూపేది బ్రౌజర్ యంత్రాంగం కనుక దానికి యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడిగా ఉన్న సంకేత పద్ధతి, తెలుసు. విషయసూచిక, సెర్చ్ మాత్రం విండోస్‌లోని పాత కోడ్ పేజీల మీద, అంటే కొన్ని భాషల అక్షరాలకే సంఖ్యలు కేటాయించిన పట్టికల మీద ఆధారపడి పనిచేస్తాయి. ఇంగ్లీషుకు, రష్యన్‌కు, గ్రీకుకు అలాంటి సిస్టమ్ కోడ్ పేజీలు ఉన్నాయి. తెలుగుకు లేదు, విండోస్‌లో తెలుగు యూనికోడ్‌తోనే అడుగుపెట్టింది. దీనికి తోడు, 2005 జూన్‌లో వచ్చిన విండోస్ భద్రతా నవీకరణ తరువాత, నెట్‌వర్క్‌లోని మరో కంప్యూటర్‌లో ఉంచిన సీహెచ్‌ఎం ఫైలును తెరిస్తే పేజీలోని విషయం కనిపించదు. ఆ కట్టడి సమంజసమైనదే, ఎందుకంటే అలాంటి ఫైళ్ల ద్వారా హానికరమైన ప్రోగ్రాములను నడిపించే వీలుండేది. కానీ నాలుగు కంప్యూటర్లు ఒకే ఫోల్డర్‌ను పంచుకొనే సంఘ కార్యాలయానికి ఆ రూపం ఇక పనికిరాదని నాకు స్పష్టమైంది.

ఇక మిగిలినవి బ్రౌజర్‌లో తెరుచుకొనే వెబ్ రూపాలు, వాటిలోనూ అన్నీ ఒకటి కావు. 1990ల చివర్లో రోబోహెల్ప్ వంటి, హెల్ప్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ పరికరాల ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన పాత వెబ్‌హెల్ప్, తెరను ఫ్రేములుగా విడగొట్టి ఒకదానిలో విషయసూచికను, మరొకదానిలో పేజీని చూపేది. ఆ పద్ధతిలో లోపలి పేజీ మారినా బ్రౌజర్‌లోని చిరునామా సాధారణంగా మారదు. గుమస్తా ఫోన్ చేసి వాయిదా మీద వడ్డీ ఎలా లెక్కకట్టాలని అడిగితే, సరిగ్గా ఆ పేజీ లంకెను వాట్సాప్‌లో పంపగలగడం మా సహాయ విభాగానికి ఎంతో ముఖ్యం. 2014 అక్టోబరులో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్5 (వెబ్ పేజీలను రాసే భాష), ఇలా తెరను విడగొట్టే ఫ్రేముసెట్లను వాడుక నుంచి తప్పించింది కూడా. కనుక ఆ దారిని వెంటనే వదిలేశాను.

మొత్తం హెల్ప్‌ను ఒకే పొడవాటి పేజీగా ఇవ్వడం మరో మార్గం. దీన్ని చాలామంది తేలికగా కొట్టిపారేస్తారు కానీ నేను అలా అనుకోను. బ్రౌజర్‌లోని కంట్రోల్-ఎఫ్ మాట మధ్యలోని అక్షరాలను కూడా పట్టుకుంటుంది కనుక తెలుగు వెతకడానికి అది నిజంగా నమ్మదగినది, ఇరవై ముప్పై అంశాల చిన్న హెల్ప్ అయితే నేను ఇప్పటికీ దాన్నే ఎంచుకుంటాను. మావి మూడు వందలకు పైగా అంశాలు కావడంతో, ప్రతి అంశానికి ఒక ఫైలు ఉండే, ఫ్రేములు లేని హెచ్‌టీఎంఎల్5 రూపం దగ్గర ఆగాను. ఫైళ్ల పేర్లను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచాను. ఒక్కో తెలుగు సంకేతం (అక్షరం గానీ, దానికి అంటిన గుర్తు గానీ) యూనికోడ్‌ను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, చిరునామాలో అది తొమ్మిది అక్షరాలుగా విస్తరిస్తుంది. ఆ లెక్కన నాలుగు సంకేతాలున్న 'రుణం' అనే చిన్న మాట, లంకెను నకలు చేసి పంపేసరికి ముప్పై ఆరు అక్షరాల అర్థంకాని వరుసగా మారుతుంది.

ఇంటర్నెట్ నిలకడగా లేని ఊళ్లలో హెల్ప్ నకలు కంప్యూటర్ డిస్కు మీదే ఉండాలి. డిస్కు మీద నుంచి తెరిచిన పేజీ, పక్కనే ఉన్న మరో ఫైలును జావాస్క్రిప్ట్‌తో (పేజీలో నడిచే ప్రోగ్రాముల భాషతో) చదవబోతే బ్రౌజర్లు అడ్డుకుంటాయి. క్రోమ్ ఎంతో ముందు నుంచే ఈ నియమాన్ని పాటిస్తోంది, ఫైర్‌ఫాక్స్ 2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి అదే దారి పట్టింది. ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే సెర్చ్ సూచీని విడి డేటా ఫైలుగా పెట్టుకొనే రూపాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి, సర్వర్ మీద బాగా పనిచేసిన హెల్ప్‌లో డిస్కు మీద సెర్చ్ మూగబోతుంది. సూచీని ఒక జావాస్క్రిప్ట్ ఫైలుగా రాసి, పేజీలోకి ప్రోగ్రామును చేర్చే స్క్రిప్ట్ ట్యాగుతో పిలిచే రూపమైతే రెండుచోట్లా పనిచేస్తుంది. అందుకే ఏ పరికరాన్ని పరిశీలించినా, ముందుగా దాని అవుట్‌పుట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నెట్ తీసేసి తెరిచి చూశాను.

ఇంతవరకు ఏ భాష వారికైనా ఎదురయ్యేదే. మాకు అసలు పరీక్ష సెర్చ్ పెట్టెలో తెలుగు మాట టైపు చేసినప్పుడు మొదలైంది. 'రుణం' అని వెతికితే, సంబంధం లేని పేజీలు డజన్ల కొద్దీ వచ్చాయి. సూచీ ఫైలును తెరిచి చూస్తే అందులో మాటలు లేవు, విడివిడిగా 'ర', 'ణ' వంటి హల్లులు ఉన్నాయి. యూనికోడ్ లెక్క ప్రకారం 'ర' అక్షరం, దానికి అంటిన కొమ్ము మాత్రం అక్షరం కాదు, గుర్తు. సున్నాదీ పొల్లుదీ అదే వర్గీకరణ. అక్షరాలు, అంకెలు తప్ప మిగిలినవన్నీ మాటకు సరిహద్దులని భావించే ప్రోగ్రాము, ప్రతి గుణింతం దగ్గరా మాటను తెంచేస్తుంది. ఇంగ్లీషుతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపం ఎన్నడూ కనిపించదు. నా దృష్టిలో తెలుగు హెల్ప్‌కు ఒక రూపం పనికివస్తుందో లేదో తేల్చేది ఇదే. పరికరం ఎంత పేరున్నదైనా, మాటలను విడగొట్టే నియమాన్ని మార్చుకొనే వీలు అందులో లేకపోతే దాన్ని పక్కన పెట్టాలి.

మేము ఎంచుకున్న పరికరంలో ఆ వీలు ఉంది. గుర్తులను కూడా మాటలో భాగంగా తీసుకొమ్మని, సూచీ తయారయ్యే చోటా, సెర్చ్ పెట్టెలో టైపు చేసిన ప్రశ్నను చదివే చోటా ఒకే నియమం రాశాం. తరువాత 'క్యాష్‌బుక్' ఇబ్బంది పెట్టింది. ష్ పక్కన బ ఒత్తుగా మారకుండా నిలవడానికి మేము కంటికి కనిపించని విడదీత గుర్తును వాడాం, టైపు చేసేవారు దాన్ని వాడరు. ఆ గుర్తును రెండువైపులా తొలగించి పోల్చడంతో అది తీరింది. 'రసీదు' అని కొందరు, 'రశీదు' అని కొందరు రాస్తారు కనుక అలాంటి జంటలను ఒక పట్టికగా చేర్చాం.

విభక్తుల సంగతి ఇంత సులభంగా తేలలేదు. 'ఖాతా' అని వెతికితే 'ఖాతాలో', 'ఖాతాకు' దొరకడానికి మాట మొదటి భాగాన్ని పోల్చితే సరిపోతుంది. 'రుణం' అలా లొంగదు. అది 'రుణాలు', 'రుణాన్ని', 'రుణానికి' అవుతుంది, చివరి సున్నా ఎక్కడా మిగలదు. ఇంగ్లీషు, ఫ్రెంచి మాటలను మూలరూపానికి తెచ్చే నియమాలు ఇలాంటి పరికరాలతో పాటే వస్తాయి, మాకు దొరికిన వాటిలో తెలుగుకు అలాంటివి లేవు. చివరకు, ప్రశ్నలోని మాట సున్నాతో ముగిస్తే ఆ సున్నాను తీసేసి మిగిలిన భాగంతో పోల్చమన్నాం. 'రుణ'తో మొదలయ్యేవన్నీ వస్తాయి, వాటిలో 'రుణపడి' వంటిది ఒకటి రెండు వచ్చినా నష్టం లేదు, కావలసిన పేజీ మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇంకా లొంగనివి సమాసాలు. కొన్ని పేజీల్లో 'పంట రుణం' అని విడిగా, కొన్నింటిలో 'పంటరుణం' అని కలిపి రాశాం. కలిపి రాసినచోట మాట మధ్యలో ఉన్న 'రుణం' మొదటి భాగాన్ని పోల్చే పద్ధతికి అందదు. ప్రస్తుతానికి అలాంటి పేజీల శీర్షభాగంలో కీలకపదాలను నేనే చేత్తో చేరుస్తున్నాను. మూడు వందల అంశాల్లో సగం పూర్తయ్యాయి.