చేప ముఖాల ఊరు

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ నుంచి డాన్యూబ్ నది గట్టు వెంబడి మూడు గంటలు కారులో వెళ్లాం. గోలుబాత్స్ కోట దాటాక నది కొండల మధ్య ఇరుక్కుపోతుంది, అవతలి గట్టు రొమేనియా. మాటల్లో పడి బోర్డు గమనించక, రెండు సొరంగాలు దాటేసి వెనక్కి తిరిగాం.

మేం వెతుకుతున్నది లెపెన్‌స్కి వీర్, రాతియుగం నాటి జాలర్ల ఊరు. వీర్ అంటే సెర్బియన్ భాషలో సుడిగుండం. ఆ సుడుల్లోకే నల్ల సముద్రం నుంచి ఎదురీదుతూ స్టర్జన్ చేపలు వచ్చేవి. మన గోదావరికి పులస వచ్చినట్టే గానీ, వీటిలో మనిషిని మించినవీ ఉంటాయి. అంత తిండి గుమ్మం ముందుకే వస్తుంటే ఎవరు దుక్కి దున్నుతారు?

ఇప్పుడు ఆ శిథిలాల మీద వేసిన కప్పు కింద వరుసగా ఇళ్ల నేలలు. సుమారు 8,200 ఏళ్ల నాటివి. ఒక్కొక్కటీ సరిగ్గా చేట ఆకారం, వెడల్పు వైపు నదికి. ధాన్యం చెరగడం ఎరగనివాళ్లు చేటలాంటి ఇళ్లు కట్టుకున్నారని నవ్వొచ్చింది. సున్నపురాయితో చేసిన ఎర్రటి గచ్చు ఇప్పటికీ గట్టిగా ఉంది. మధ్యలో రాతి పలకలు పేర్చిన పొయ్యి. ఎదుటి గట్టున ట్రెస్కవాత్స్ కొండదీ అదే ఆకారం. చూసి కట్టారా అంటే, అక్కడ నిలబడ్డాక కాదనబుద్ధి కాలేదు.

ఆ నేలల్లో దొరికిన బొమ్మలను ముందురోజు బెల్‌గ్రేడ్ మ్యూజియంలో చూశాను. గుండ్రటి ఇసుకరాయి, గుడ్లు తేలేసిన కళ్లు, కిందికి వంగిన దళసరి పెదవులు. మనిషా, చేపా? ఎంతసేపు చూసినా తేలలేదు.

ఇదంతా అసలు చోటు కాదు. పురావస్తు శాస్త్రవేత్త ద్రాగోస్లవ్ స్రెయోవిచ్ 1965 నుంచి 1970 వరకు తవ్వించాడు. డాన్యూబ్ మీద కడుతున్న ఐరన్ గేట్స్ ఆనకట్ట నీళ్లు ముంచేస్తాయని ఊరిని ఊరంతా సుమారు 30 మీటర్ల పైకి తెచ్చారు. నాగార్జునకొండ గుర్తుకు రాకుండా ఉంటుందా!

నన్ను పట్టేసింది మాత్రం సమాధుల కథ. పాతవాళ్లను నదికి సమాంతరంగా వెల్లకిలా, తల నీటివాలు వైపు ఉంచి పడుకోబెట్టారు. తర్వాతి కాలంలో కొందరిని మోకాళ్లు ముడిచి పక్కకు ఒరిగించారు. అది రైతుల పద్ధతి. అనటోలియా (ఇప్పటి టర్కీ) నుంచి బయలుదేరిన సేద్యం అప్పటికి ఈ ఆగ్నేయ ఐరోపాకు, అంటే బాల్కన్లకు చేరింది. పంటి ఎనామెల్‌లోని స్ట్రాన్షియం అనే మూలకం బాల్యం ఎక్కడ గడిచిందో చెబుతుంది. అలా చూస్తే ఆ రోజుల్లో బయటి నుంచి వచ్చినవాళ్లు పెరిగారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. 2018లో వెలువడిన డీఎన్ఏ ఫలితాల్లో ఇక్కడి ఇద్దరు పూర్తిగా అనటోలియా రైతుల సంతతి. ఇంకొకరిలో రైతుల రక్తం, స్థానిక వేటగాళ్ల రక్తం రెండూ కలిశాయి, తిండి మాత్రం నదిదే.

కొత్త కోడళ్లు అత్తింటి వంట నేర్చుకున్నారని నా ఊహ. దానికి ఊతమిచ్చేది కుండలు. బాల్కన్లలో తక్కిన రైతుల కుండలకు ఎక్కువగా మాంసం, పాల కొవ్వు అంటుకుని ఉంటే, ఈ లోయ కుండల్లో చాలా వాటికి చేపల కొవ్వే అంటింది. కుండ రైతులది, కూర జాలర్లది. ఆవులూ గొర్రెలూ వచ్చాయి సరే, పూట గడిచింది మాత్రం చేపతోనే.

సాయంత్రం దోన్యి మిలానోవాత్స్‌లో భోజనానికి కూర్చుని, స్టర్జన్ ఉందా అని అడిగాను. వడ్డించే పెద్దాయన తల అడ్డంగా ఊపి, దిగువన ఆనకట్ట ఉన్న వైపు చెయ్యి చూపించాడు. కాసేపటికి మరేదో చేపతో ఎర్రటి పులుసు తెచ్చాడు. పక్కన పళ్లెం నిండా గోధుమ రొట్టె.