ఫోర్ బై ఫోర్ స్విచ్‌ను తిట్టే ముందు

తొలకరి పడగానే, నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి పంపగల ఫోర్ బై ఫోర్ బండ్లు ఉన్నవాళ్ల నోట ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది. ఫోర్ వీల్ వేసే నాబ్ తిప్పితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగడం లేదనో, వెలిగినా ఆగకుండా మిణుకుమంటోందనో అంటారు. ఎండాకాలమంతా ఆ నాబ్ జోలికే పోని మనిషి, పొలం గట్టు దారిలోనో మారేడుమిల్లి అడవిలోని మట్టి బాటలోనో చక్రం కూరుకుపోయాక మొదటిసారి దాన్ని తిప్పుతాడు. అది పలకదు. చేతికి తగిలేది స్విచ్చే కాబట్టి నింద కూడా దాని నెత్తినే పడుతుంది. కొత్త స్విచ్ కొని బిగించిన తరువాత కూడా దీపం అలాగే మిణుకుమంటూ ఉండడం నేను చాలా బండ్లలో చూశాను. స్విచ్‌లు చెడిపోవని నేను అనడం లేదు. చెడిపోయినవాటి కంటే నిందపడి మార్చబడినవే ఎక్కువని మాత్రం నా అభిప్రాయం. ఒక మల్టీమీటరు, 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కలిపి చేసుకున్న టెస్ట్ ల్యాంపు, ఒక మంచి జాకీ, తొందర లేని ఒక మధ్యాహ్నం ఉంటే, తప్పు ఎక్కడుందో చాలావరకు ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు.

అసలు మన బండిలో ఉన్నది ఏ రకం స్విచ్చో ముందుగా తెలుసుకోవాలి. జిప్సీ, జిమ్నీ, రెండో తరం థార్ వంటి బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్‌ను, అంటే శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టెను మార్చేది మన చేతిలోని లీవరు. లోపలి ఫోర్కును కదిలించేది మన బలమే. అటువంటి చోట కేస్ మీద బిగించి ఉండే చిన్న స్విచ్ పని ప్రధానంగా కబురు చెప్పడం, అంటే ఫోర్ వీల్ పడిందని దీపం వెలిగించడం. కొన్ని బండ్లలో ముందు చక్రాలను ఆక్సిల్‌కు కలిపే వ్యాక్యూమ్ హబ్ లాక్‌కు ఆజ్ఞ కూడా ఇటువంటి స్విచ్ నుంచే వెళుతుంది కాబట్టి, అక్కడ అది చెడిపోతే దీపంతో పాటు లాగుడు కూడా పోతుంది. ఫార్చ్యూనర్, ఇసుజు వి-క్రాస్ వంటి నాబ్ బండ్ల సంగతి వేరు. మనం తిప్పే నాబ్ ఒక విన్నపం మాత్రమే చేస్తుంది. దాన్ని కంట్రోల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె పరిశీలించి, షరతులన్నీ సరిపోతేనే మోటారును తిప్పిస్తుంది, మార్పు పూర్తయిందని సెన్సారు చెప్పిన తరువాతే దీపాన్ని నిలకడగా వెలిగిస్తుంది. అడిగేది ఒకటి, చేసేది మరొకటి, చెప్పేది ఇంకొకటి. ఈ ముగ్గురిలో తప్పు ఎవరిదో తేల్చకుండా స్పానర్ పట్టుకోవడంలో అర్థం లేదు.

షరతుల విషయం చాలామంది పట్టించుకోరు. ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో శక్తి అందే స్థానం) పడాలంటే నాబ్ బండ్లలో సాధారణంగా బండి పూర్తిగా ఆగి ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, మాన్యువల్ గేర్ అయితే అనేక మోడళ్లలో క్లచ్ కూడా చివరి దాకా తొక్కి పట్టాలి. క్లచ్ పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ సరిగా నొక్కుకోకపోయినా, న్యూట్రల్ స్విచ్ తప్పు కబురు పంపినా మాడ్యూల్ ససేమిరా అంటుంది. మనమేమో నాబ్ పోయిందనుకుంటాం. ఓనర్స్ మాన్యువల్‌లో దీనికి ఉన్న రెండు మూడు పేజీలను ఒకసారి శ్రద్ధగా చదివితే కొన్ని బండ్లు అక్కడికక్కడే బాగుపడతాయి. అలాగే ఫోర్ హై (నాలుగు చక్రాలకూ మామూలు వేగం) నుంచి టూ హైకి (రెండు చక్రాలకే శక్తి) రమ్మంటే రాకుండా దీపం మిణుకుమంటుంటే, స్టీరింగ్ నిటారుగా పెట్టి కొన్ని మీటర్లు వెనక్కి నడిపి చూడాలి. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపినప్పుడు ముందు, వెనుక షాఫ్టుల మధ్య మెలి పట్టి గేరు పళ్లు బిగుసుకుంటాయి. వెనక్కి నడిపితే ఆ బిగువు సడలి పళ్లు విడివడతాయి. అది స్విచ్ చేసిన నేరం కాదు, తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసిన డ్రైవరుది.

దీపాన్ని నమ్మకుండా చక్రాన్ని అడిగే పద్ధతి ఒకటుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి పంచే, ముందు, వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉన్న బండ్లకు ఇది ఇలాగే వర్తించదు. అవసరమైనప్పుడు మాత్రమే ఫోర్ వీల్ వేసుకునే బండ్ల కోసం చెబుతున్నాను. మట్టి నేల మీద ఫోర్ హై వేసి, పళ్లు కూర్చోవడానికి బండిని కొంచెం ముందుకు నడిపి ఆపాలి. గేరులో ఉంచి ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనకా కూడా దిమ్మలు పెట్టాలి. చదునైన గట్టి నేల మీద ముందు చక్రం ఒక్కటే నేల విడిచేటంత జాకీ ఎత్తి, ఆక్సిల్ కింద స్టాండు వేసి, ఆ చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. కాస్త ఆడి ఆగిపోతే ఫోర్ వీల్ నిజంగానే పడింది. అయినా దీపం వెలగకపోతే తప్పు కబురు చెప్పే స్విచ్‌ది, దాని వైరుది, లేదా బల్బుది. చక్రం స్వేచ్ఛగా తిరిగితే, పక్కన నిలబడి, ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు ఆక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు చూడాలి. చక్రంతో పాటు షాఫ్ట్ కూడా తిరుగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనే పని కాలేదని అర్థం. షాఫ్ట్ కదలక చక్రం ఒక్కటే తిరుగుతుంటే కేస్‌ను వదిలేసి హబ్ లాక్‌ల వైపు, వాటి వ్యాక్యూమ్ గొట్టాల వైపు వెళ్లాలి. షాఫ్ట్ మీద సుద్దతో ఒక గీత గీస్తే కదలిక తేలికగా కనిపిస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి తల పెట్టడం మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు.

నాబ్ బండిలో తరువాతి పని చెవులతో చేయాలి. వీధి సద్దు లేనప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి (కొన్ని మోడళ్లలో ఇంజిన్ నడుస్తుంటేనే మారుతుంది, అది మాన్యువల్ చెబుతుంది) ఒకరు నాబ్ తిప్పుతుంటే మరొకరు బండి పక్కన కూర్చుని వినాలి. రిలే (మోటారుకు కరెంటు కలిపే చిన్న స్విచ్) టిక్కుమని, ఆ వెంటనే కింద మోటారు ఒకటి రెండు సెకన్లు గుర్రుమంటే ఆజ్ఞ సవ్యంగా వెళుతోందని గట్టిగా చెప్పవచ్చు. ఏ చప్పుడూ లేకపోతే ముందు బ్యాటరీ చూడాలి. నిండా చార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12.2కు దిగిందంటే దాదాపు సగం ఖాళీ అయినట్టే. షిఫ్ట్ మోటారు లాగే కరెంటుకు నీరసించిన బ్యాటరీ తట్టుకోలేకపోవచ్చు. ఫ్యూజును కంటితో చూసి బాగుందనేయకుండా రెండు కొసల్లోనూ టెస్ట్ ల్యాంపు వెలుగుతుందో లేదో చూడాలి. రిలే మీద అనుమానం ఉంటే, అదే నంబరున్న హారన్ రిలేను దాని చోట పెట్టి చూడడం పైసా ఖర్చు లేని పరీక్ష.

ఇప్పుడు నాబ్ వంతు. దాన్ని ప్యానెల్ నుంచి విప్పి, వైర్లను కలిపే కప్లర్ ఊడదీసి, మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి చూడాలి. కరెంటు పారుతున్న వైరు మీద ఓమ్స్ కొలవకూడదు. కొన్ని నాబ్‌లు ఒక్కో స్థానంలో ఒక్కో వైరును ఎర్త్ చేస్తాయి, అంటే బ్యాటరీ నెగటివ్‌తో కలిసి ఉన్న బండి బాడీకి కలుపుతాయి. మరికొన్ని ఒకే వైరు మీద ఒక్కో స్థానానికి ఒక్కో రెసిస్టెన్సు చూపిస్తాయి. అంకె ఎంత ఉండాలో వర్క్‌షాప్ మాన్యువల్ లేకపోతే మనకు తెలియదు, కానీ తెలియాల్సిన అవసరమూ అంతగా లేదు. స్థానం మారినప్పుడల్లా అంకె స్పష్టంగా మారి, మారిన చోట కదలకుండా నిలబడాలి. నాబ్‌ను వేలితో అటూ ఇటూ మెల్లగా ఊపుతుంటే అంకె ఎగిరెగిరి పడుతోందంటే లోపలి కాంటాక్టులు అరిగాయి, అప్పుడు కొత్త స్విచ్‌కు డబ్బు పెట్టడం న్యాయమే. మరీ కొత్త బండ్లలో నాబ్ కూడా డేటా వైరు మీద మాట్లాడుతుంది. అక్కడ మల్టీమీటరుకు పనిలేదు, స్కానర్ పెట్టాల్సిందే.

నా బండిలో వచ్చిన జబ్బు చెబితే ఎర్త్ గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో తెలుస్తుంది. టిక్కుమనేది, మోటారు తిరిగేది కాదు. చూసిన ఎలక్ట్రీషియన్ "సార్, మాడ్యూల్ పోయింది, కొత్తది వేయాల్సిందే" అని ధర కూడా చెప్పాడు. మాడ్యూల్ కప్లర్ ఊడదీసి దాని సప్లై వైరుకూ ఎర్త్ వైరుకూ మధ్య మల్టీమీటరు పెడితే 12 వోల్టులకు పైనే చూపించింది, అంటే కాగితం మీద అంతా క్షేమం. కానీ అవే రెండు వైర్ల మధ్య 21 వాట్ల బల్బు పెడితే మిణుగురులా ఎర్రగా మాత్రమే వెలిగింది. బల్బు రెండో కొసను ఆ ఎర్త్ వైరు నుంచి తీసి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు కలిపితే భగ్గున వెలిగింది. ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరుకు 12 వోల్టులు కనిపిస్తాయి, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటే లాగదు. బరువు పెడితే తప్ప వైరు బలం తెలియదు. వైరు వెంట వెళితే ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ కింద ఎర్త్ బోల్టు తేలింది. ఏసీ నీళ్లు పోయే గొట్టం దుమ్ముతో పూడిపోయి, నీరు లోపలికే కారి, తివాచీ అడుగున నానుతూ ఉంది. బోల్టు చుట్టూ పెయింటు ఉబ్బి రేకులుగా లేచింది, వైరు కొసన ఉన్న ఐలెట్ నిండా పచ్చటి చిలుము, స్పానర్ తగలగానే అది విరిగి చేతికొచ్చింది. గీకి, ఎమిరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త ఐలెట్ క్రింప్ చేసి బిగించి, పైన గ్రీజు రాశాక మోటారు తిరిగింది. ఏసీ గొట్టం శుభ్రం చేయకుండా వదిలేసి ఉంటే ఆ పనంతా మరుసటి వర్షాకాలానికి మళ్లీ మొదటికే వచ్చేది. ఈ బల్బు పరీక్షను లావుపాటి సప్లై వైర్ల మీదే చేయాలి. సన్నని సిగ్నల్ వైర్ల మీద చేస్తే బాగున్న మాడ్యూల్ కాలిపోయే ప్రమాదం ఉంది.

మోటారు తిరిగినా దీపం మిణుకుమంటూనే ఉంటే స్థానం చెప్పే సెన్సారును అనుమానించాలి. పాత తరం షిఫ్ట్ మోటార్లలో ఇది మోటారు లోపలే ఉంటుంది. రాగి పట్టీల మీద బ్రష్ జారుతూ స్థానాన్ని చెబుతుంది. గ్రీజు ముదిరి జిగురైతే, లేదా నీరు చేరి పట్టీలు నల్లబడితే, కేస్ ఫోర్ హైలో ఉన్నా మాడ్యూల్‌కు ఎక్కడుందో తెలియదు. మోటారు విప్పేటప్పుడు దాని షాఫ్ట్ కొస ఏ కోణంలో ఉందో ఫోటో తీసుకుని, మార్కరుతో గుర్తు పెట్టుకోవాలి. కోణం తప్పి బలవంతంగా బిగిస్తే కొత్త జబ్బును మనమే తెచ్చుకున్నట్టవుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి, పట్టీలను ఎరేజరుతో తుడిస్తే చాలాసార్లు బాగుపడుతుంది. పట్టీ అరిగి కింద ప్లాస్టిక్ కనబడితే మాత్రం మార్చడమే.

లీవరు బండ్లలో కేస్ మీదుండే స్విచ్ పరీక్ష ఇంతకంటే సులువు. కొసన చిన్న గుండు ఉంటుంది. లోపలి రాడ్ జరిగినప్పుడు ఆ గుండు నొక్కుకుని కాంటాక్టు కలుస్తుంది, కొన్నింటిలో దీనికి భిన్నంగా విడిపోతుంది. ముందు కప్లర్ ఊడదీసి లోపలికి చూడండి. ఉన్నది ఒక్క వైరే అయితే బండి వైపు ఉన్న పిన్‌ను ఎర్త్‌కు తాకించగానే దీపం వెలగాలి. వెలిగితే వైరూ బల్బూ బాగున్నట్టే. కప్లర్‌లో గేర్ ఆయిల్ తడి కనిపిస్తే స్విచ్ లోపలి సీల్ పోయిందని అర్థం, ఇక పరీక్షలు అక్కర్లేదు. విప్పేటప్పుడు కొంచెం ఆయిల్ కారవచ్చు, కింద పళ్లెం పెట్టుకోవాలి. స్విచ్ వెనక విడిగా పిన్నో గుండో ఉండే రకాలు కూడా ఉన్నాయి, అది జారి మట్టిలో పడితే వెతకడం నరకం. విప్పాక గుండును బొటనవేలితో నొక్కుతూ కంటిన్యూటీ (కరెంటు దారి కలుస్తోందో లేదో) చూస్తే తీర్పు వెంటనే వస్తుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషరు వేయాలి, అల్యూమినియం మరలు తెగేటంత బలం పెట్టకూడదు. ఒక్క వైరు స్విచ్‌కు దాని ఒళ్లే ఎర్త్ కాబట్టి మరల మీద టేపు చుట్టకూడదు.

మన దగ్గర ఈ జబ్బులకు కారణాలు కూడా మన దగ్గరివే. వాగు దాటిన మర్నాడు నల్లరేగడి కప్లర్ల మధ్య ఎండి రాయవుతుంది. దాన్ని వదిలించడానికి వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా కప్లర్ మీద పెడితే, సీల్ దాటి లోపలికి పోని నీరు కూడా పోతుంది. బ్రష్‌తో, మామూలు పైపు నీళ్లతో నెమ్మదిగా కడగమని దగ్గరుండి చెప్పాలి. షెడ్‌లో నిలబెట్టిన బండికైతే ఎలుకలు ఉండనే ఉన్నాయి, గేర్ బాక్సు పైన వెళ్లే వైరింగ్ వాటికి మంచి నెలవు.

సెకండ్ హ్యాండ్ స్విచ్ కొనాలంటే విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాదు రాణిగంజ్‌లోనో దొరకవచ్చు. పైకి ఒకేలా ఉండి, ఒకే కప్లర్‌లో కూర్చునే స్విచ్‌లు లోపల వేరే రెసిస్టెన్సులతో ఉంటాయి కాబట్టి, దాని మీది పార్ట్ నంబరు మన పాతదానితో సరిపోల్చుకుని, కొట్టులోనే మల్టీమీటరు పెట్టి ప్రతి స్థానంలోనూ రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూసుకున్న తరువాతే డబ్బు చేతికివ్వండి.