అస్థిపంజరాలు, డిస్పెల్ మ్యాజిక్

ఆదివారం, రాత్రి

పొద్దున పటమట రైతుబజారు, బట్టలు, ఇస్త్రీ. వాటి గురించి రాయడానికేం లేదు. భోజనాలయ్యాక మొగల్రాజపురంలో అన్నయ్యవాళ్లింట్లో డీ అండ్ డీకి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో కథ అల్లుకుంటూ ఆడే ఆట) కూర్చున్నాం. నేనే డీఎం, అంటే కథ నడిపి, శత్రువులను ఆడించి, రూల్స్ తేల్చేవాణ్ణి.

గుహలో మాంత్రికుడు, వాడి చుట్టూ అస్థిపంజరాలు. మా వైపు మంత్రగాడు విజార్డ్‌గా ఆడుతున్న తమ్ముడి వంతు వచ్చింది. "ముందున్నదాని మీద డిస్పెల్ మ్యాజిక్ (మంత్రాల్ని తీసేసే మంత్రం) వేస్తున్నా. మంత్రంతో లేచిందేగా, మంత్రం తీసేస్తే కూలిపోవాలి" అన్నాడు. సబబుగానే ఉంది. కానీ కూలదు అని చెప్పాను.

మేం ఆడేది 2014 రూల్స్. డిస్పెల్ మూడో లెవెల్ స్పెల్, అంటే మంత్రం. 120 అడుగుల లోపు ఒక ప్రాణినో, వస్తువునో, మాయనో ఎంచుకుంటే దాని మీదున్న మూడో లెవెల్ దాకా స్పెల్స్ అన్నీ ఆగిపోతాయి. అంతకన్నా పెద్దదైతే 10కి ఆ స్పెల్ లెవెల్ కలిపి, కనీసం అంత డైస్ మీద తెచ్చుకోవాలి. ఏదైనా సరే, ఆ స్పెల్ ఇంకా నడుస్తూ ఉండాలి. ఎముకల్ని లేపే యానిమేట్ డెడ్ స్పెల్ అలా నడిచేది కాదు. వేసిన క్షణంలోనే దాని పని పూర్తి. ఎముకలు లేచాయి, మంత్రం అయిపోయింది. ఇక ఆపడానికి అక్కడేం మిగిలింది? గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్‌తో మానిన గాయం డిస్పెల్ వేస్తే మళ్లీ తెరుచుకోదు కదా.

తమ్ముడు పుస్తకం లాక్కుని, జంతికల నూనె అంటిన వేలితో ఒక్కో లైనూ చదివాడు. అయినా ఒప్పుకోలేదు. అప్పుడు వదిన అందుకుంది. "ఒరే, అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకున్నది అది ఎవరికీ తగలకముందు. అశ్వత్థామది ఉత్తర కడుపులో బిడ్డకి తగిలాక ఇక ఉపసంహారంతో పనేముంది? కృష్ణుడే బతికించాల్సి వచ్చింది." దాంతో తమ్ముడు పుస్తకం మూశాడు. నాకూ ఎంత బాగా అనిపించిందో!

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అన్నయ్య ఆడే యోధుడు ఫైటర్ మీద వదిన ముందే హేస్ట్ (వేగం పెంచే స్పెల్) వేసి ఉంచింది. మాంత్రికుడు అతని మీదే బెస్టో కర్స్ (శాపం పెట్టే స్పెల్) వేశాడు. రెండూ మూడో లెవెలే. తమ్ముడు ఫైటర్ మీద డిస్పెల్ వేస్తే శాపంతో పాటు హేస్టూ పోతుంది, మనదా శత్రువుదా అని అది చూడదు. పైగా హేస్ట్ పోయిందంటే ఫైటర్ తన తర్వాతి వంతు ముగిసేదాకా కదల్లేడు, ఏ పనీ చేయలేడు. "అయితే నాకు ఆ శాపమే నయం!" అన్నాడు అన్నయ్య.

శాపాన్ని ఒక్కదాన్నే ఎంచుకోవచ్చా అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. రూల్‌లో మనిషినే కాదు, మాయనీ ఎంచుకోవచ్చని ఉంది. ఆ శాపం పడటం విజార్డ్ కళ్లారా చూశాడు కాబట్టి ఒప్పుకున్నాను. చూడకపోయి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎక్కడ ఏముందో తెలిసినవాడే దాన్ని విడిగా తెంచగలగాలని నా నమ్మకం.

ఎదుటివాడు వేస్తున్న స్పెల్‌ని మధ్యలోనే ఆపే కౌంటర్‌స్పెల్ దగ్గరా ఇదే పద్ధతి నాది. మాంత్రికుడు చేతులెత్తాడని మాత్రమే చెప్తాను, స్పెల్ పేరు చెప్పను. 2017లో వచ్చిన అదనపు రూల్స్ ప్రకారం అదేంటో కనిపెట్టడానికి రియాక్షన్ (ఎదుటివాడి పనికి వెంటనే స్పందించే అవకాశం) ఖర్చవుతుంది. కౌంటర్‌స్పెల్‌కీ రియాక్షనే కావాలి, అది రౌండుకి ఒక్కటే. అందుకే ఇవాళ తమ్ముడు తెలియకుండానే వేశాడు. ఆ గుడ్డి ధైర్యం చూడటం నాకు భలే ఇష్టం.

2024 రూల్స్‌లో కౌంటర్‌స్పెల్ మారింది. ఆపబోయే స్పెల్ వేసేవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దృఢత్వంతో తట్టుకునేందుకు వేసే పాచిక) వేస్తాడు, ఓడితే స్పెల్ పోతుంది కానీ స్లాట్ (స్పెల్ వేయడానికి ఖర్చయ్యే అవకాశం) పోదు. అన్నయ్యకి పాతదే ఇష్టం. వదినకీ తమ్ముడికీ కొత్తది కావాలి. వచ్చే ఆదివారం నుంచి కౌంటర్‌స్పెల్ వరకు కొత్తదే పెడుతున్నాం, నా మాంత్రికుడికి కూడా అదే వర్తిస్తుందన్న షరతు మీద.