రెపుల్ డైరీ: తోక తెగిన పేరా

ఒక్క పేరాని రెపుల్‌లోకి (కోడ్ ముక్క ఇస్తే వెంటనే నడిపి జవాబు చూపే ప్రాంప్ట్) పంపడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

సెటప్ పాతదే. పైన నియోవిమ్ ఎడిటర్‌లో కోడ్, కింద దాని టెర్మినల్ బఫర్‌లో ఎస్‌బీసీఎల్ అనే లిస్ప్ రెపుల్. కర్సర్ ఉన్న ఫామ్‌ని (బ్రాకెట్లలోని ఒక పూర్తి లిస్ప్ ముక్క) కిందికి తోసే స్క్రిప్ట్ నేను రాసుకున్నదే, ముప్పై లైన్లు కూడా ఉండదు.

తెలుగు పదాలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ కోసం ఒక పేరాని స్ట్రింగ్‌గా, ఒకే లైనులో పెట్టుకున్నాను. పంపితే ఎర్రర్ లేదు, ప్రాంప్ట్ లేదు, ఉలుకూ పలుకూ లేదు. సరేనని (+ 1 2) పంపాను. దానికీ జవాబు లేదు. విసుగొచ్చి చేత్తో ") కొడితే అప్పుడు లేచింది. పేరాని ప్రింట్ చేసి చూస్తే చివరి వాక్యం సగంలో తెగింది, దాని వెనకే (+ 1 2) కూడా స్ట్రింగ్‌లో భాగమై కూర్చుంది. అంటే మూసే కొటేషన్ అసలు చేరనే లేదు.

మొదటి అనుమానం వేగం మీద. ముక్కముక్కకీ 10 మిల్లీసెకన్ల గ్యాప్ ఇచ్చాను, తర్వాత 50. అదే చోట తెగింది. బ్రాకెటెడ్ పేస్ట్ (అతికించే టెక్స్ట్‌కి ముందూ వెనకా గుర్తులు పెట్టే పద్ధతి) ఆన్ చేస్తే ఇంకా ఘోరం: ఎస్‌బీసీఎల్‌కి ఆ సంగతే తెలియదు, ముందు తగిలిన 200~ చెత్తని వేరియబుల్ పేరనుకుని డీబగ్గర్‌లో పడింది. తర్వాత ఎన్‌కోడింగ్‌ని అనుమానించాను, ఎందుకంటే 3,900 అక్షరాల ఇంగ్లీషు స్ట్రింగ్ హాయిగా వెళ్తోంది, 1,520 కోడ్‌పాయింట్ల (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఒక్కో నంబరు) తెలుగు పేరా వెళ్లడం లేదు. 1,450 ఉన్న ఇంకో తెలుగు పేరా మాత్రం వెళ్తోంది! లొకేల్ (సిస్టమ్ భాషా సెట్టింగ్) చూస్తే యూటీఎఫ్-8, తప్పేం లేదు.

మూడో రోజు ఎస్‌బీసీఎల్‌ని పక్కనపెట్టి, అదే టెర్మినల్‌లో క్యాట్ (వచ్చింది వచ్చినట్టే బయటపెట్టే కమాండ్) నడిపి, వచ్చింది ఫైల్‌లోకి మళ్లించి బైట్లు లెక్కపెట్టాను. 4,095 'a'లు పంపితే న్యూలైన్‌తో కలిపి 4,096 బైట్లు. 4,096 పంపినా 4,096 బైట్లే. 5,000 పంపినా అంతే. 'క' పంపితే 1,365 దాకా సరే, 1,366వది గల్లంతు. 1,365ని 3తో గుణిస్తే 4,095. అక్కడ వెలిగింది.

దొంగ ఎడిటర్‌లోనూ లేడు, లిస్ప్‌లోనూ లేడు. కెర్నల్‌లో టీటీవై (టెర్మినల్‌ని నడిపే భాగం) కనానికల్ మోడ్‌లో, అంటే ఎంటర్ కొట్టేదాకా లైనుని తన దగ్గరే పెట్టుకునే పద్ధతిలో, ఉన్నప్పుడు లినక్స్ ఒక లైనుకి న్యూలైన్‌తో సహా 4,096 బైట్లే ఉంచుకుని, మిగతాది చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. రీడ్‌లైన్ (టైప్ చేసే లైనుని తానే చూసుకునే లైబ్రరీ) వాడే రెపుల్ ప్రాంప్ట్ దగ్గర ఆ మోడ్‌ని ఆపేస్తుంది కాబట్టి అక్కడ ఇది తగలదు. ఎస్‌బీసీఎల్‌కి రీడ్‌లైన్ లేదు. తెలుగులో ప్రతి కోడ్‌పాయింట్‌కీ మూడు బైట్లు, మధ్యలో ఖాళీలకీ చుక్కలకీ మాత్రం ఒక్కటే. కంటికి రెండక్షరాల 'లక్ష్మి' ఏడు కోడ్‌పాయింట్లు, 21 బైట్లు. మ్యాక్‌లో ఈ హద్దు 1,024 అట, అంటే 341 'క'లకే సరి.

ఎస్‌బీసీఎల్ మొదలుపెట్టే ముందు ఎస్‌టీటీవై కమాండ్‌తో ఐకానన్ (ఆ కనానికల్ మోడే) ఆపేస్తే పేరా మొత్తం వెళ్లింది. కానీ చేత్తో టైప్ చేసేటప్పుడు బ్యాక్‌స్పేస్ పనిచేయదు, అది నావల్ల కాదు. చివరికి ఫామ్‌ని తాత్కాలిక ఫైల్‌లో రాసి, రెపుల్‌కి చిన్న లోడ్ కమాండ్ ఒక్కటే పంపుతున్నాను. విలువలు కనపడాలంటే :ప్రింట్ టీ తగిలించాలి. దీనికీ ఒక మెలిక ఉంది: లోడ్ అయిపోగానే ప్యాకేజీ (పేర్లు ఏ గుంపులో వెతకాలో చెప్పేది) మళ్లీ పాతదే అయిపోతుంది, కాబట్టి దాన్ని మార్చే ఇన్-ప్యాకేజ్ ఫామ్‌ని మాత్రం పాత దారిలోనే పంపుతున్నాను.

నిజం చెప్పాలంటే టీటీవైలోకి టెక్స్ట్ తోయడమే నాటు పద్ధతి. ఈమ్యాక్స్ ఎడిటర్ వాళ్ల లిస్ప్ సాధనం స్లైమ్ ఎప్పటినుంచో సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) మీదే మాట్లాడుతోంది. వచ్చేవారం 4005 పోర్ట్‌లో స్వాంక్ (స్లైమ్‌కి లిస్ప్ వైపు ఉండే సర్వర్) పెట్టి, నా ముప్పై లైన్లని దానికి తగిలించి చూడాలి. మెసేజ్ ముందు వచ్చే పొడవు అంకె హెక్స్‌లో ఆరంకెలు, అదీ బైట్లలో. ఈసారి ముందే 'లక్ష్మి'తో టెస్ట్ చేస్తా.