కుడికి తిరుగు, వెనక్కి ఒక గెంతు

పాత వీడియో గేముల్లో ట్యాంక్ కంట్రోల్స్ అని ఒక పద్ధతి ఉండేది. పై బటన్ నొక్కితే బొమ్మ ముఖం ఎటుంటే అటే నడుస్తుంది. కుడి, ఎడమ బటన్లు నొక్కితే ఉన్నచోటే తిరుగుతుంది తప్ప అటు వెళ్లదు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి మొదటిసారి చూసి, "నాన్నా, ఇది గేమా, లారీ రివర్స్ చేయడమా?" అంది.

2024లో లారా క్రాఫ్ట్ అనే సాహసి కథానాయికగా ఉండే టూంబ్ రైడర్ మొదటి మూడు ఆటలూ కొత్త హంగులతో మళ్లీ వచ్చాయి. అందులో ఈ పాత పద్ధతి, ఎటు తోస్తే బొమ్మ అటే పోయే కొత్త పద్ధతి రెండూ ఉన్నాయి. ఇంకేముంది, గుంటూరు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డ మా ఇంట్లో ఆదివారాలు ఏది మేలని ఇదే పంచాయితీ.

పాతది కాబట్టి వెనకేసుకొస్తున్నానని మా ఆవిడ అంటుంది. కాదు. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ గేమ్ యంత్రం ప్యాడ్‌కి అనలాగ్ స్టిక్కులే (బొటనవేలితో ఎటైనా తోసే చిన్న పుల్లలు) లేవు, అన్నీ బటన్లే. 1996 నాటి రెసిడెంట్ ఈవిల్ అనే ఆటలో మనకి బొమ్మని చూపించే కెమెరా ఒక మూల కదలకుండా ఉండి, నాలుగడుగులు వేయగానే ఇంకో మూలకి మారిపోతుంది. తెరని బట్టి నడిచే పద్ధతైతే అలా మారినప్పుడల్లా దిక్కులు తారుమారవుతాయి. ట్యాంక్ పద్ధతిలో ముందుకంటే ఎప్పుడూ ముందుకే. (ఆ దెయ్యాల ఆట మాత్రం పిల్లకి చూపించొద్దని ఇంట్లో ఆర్డర్.)

లారా క్రాఫ్ట్ తిరిగే లోకమంతా సమానమైన గళ్లతో కట్టింది. అంచుదాకా మెల్లగా నడిచి, వెనక్కి ఒక్క గెంతు వేస్తే, పరిగెత్తి దూకడానికి కావాల్సిన దూరం సరిగ్గా సరిపోతుంది. కంటి అంచనాతో పనిలేదు. కానీ తోడేళ్లు మీద పడ్డప్పుడు ఇదే పద్ధతి ప్రాణం తీస్తుంది. అక్కడ మా అమ్మాయిదే కరెక్టు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. పాత పద్ధతిలో ఆటని నోటితో చెప్పొచ్చు. ప్యాడ్ తన చేతిలో ఉంటుంది, నేను పక్కన కూర్చుని, "కుడికి తిరుగు. ఇంకొంచెం. ఆగు. వెనక్కి ఒక గెంతు. ఇప్పుడు పరిగెత్తు, దూకు, పట్టుకో!" అంటుంటాను. కొత్త పద్ధతిలో బొటనవేలు ఎటు తోస్తే అటు పోవడమే, నాన్నతో పనేముంది? బడిలో ఇంగ్లిష్, కన్నడ, లిఫ్టులో హిందీ, మాతో సగం సగం తెలుగు. మామూలుగా తెలుగులో కుడి అంటే ఏదో ఎడమ అంటే ఏదో తడుముకునే పిల్ల, ఎదురుగా గొయ్యి ఉంటే చటుక్కున తిరుగుతుంది.

స్నేహితులొస్తే మాత్రం వెంటనే కొత్త పద్ధతికి మార్చేస్తుంది, అరుపులన్నీ ఇంగ్లిష్‌లోనే. మార్చుకోనీ. మేమిద్దరం ఉన్నప్పుడు దూకడాలుంటే పాతది, వేట ఉంటే కొత్తది అని ఒప్పందం చేసుకున్నాం. దానికీ తన సణుగుడు తనకుంది: "నువ్వు లేటుగా చెప్తున్నావ్ నాన్నా. తోడేలు కరిచాక తిరుగు అంటే ఏం లాభం?"