బేత్లెహేము పొలంలో పరిగె ఏరుకున్న కోడలు

క్రిస్మస్ అనగానే బేత్లెహేములో పశువుల తొట్టి గుర్తొస్తుంది. దానికి ఎన్నో తరాల ముందు అదే ఊరి నుంచి ఒక కుటుంబం కరువుకు తాళలేక బతుకుదెరువు కోసం పరాయి దేశం పోయింది. ఎలీమెలెకు, అతని భార్య నయోమి, ఇద్దరు కొడుకులు. మొదట తండ్రి పోయాడు. మోయాబు దేశంలో ఉండగానే కొడుకులిద్దరూ పోయారు. నయోమి వట్టి చేతులతో ఊరికి తిరిగొచ్చింది. వెంట వచ్చింది మోయాబు కోడలు రూతు ఒక్కతే. ఊరి ఆడవాళ్లు ఆమెను చూసి "ఈమె నయోమియేనా?" అని అడిగారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్లలో ఈ కథను ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి దుబాయ్‌కో, సౌదీకో, మస్కట్‌కో పోయిన మనిషి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పెట్టెలో తిరిగొస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుందో అక్కడి ప్రతి వాడకూ తెలుసు. వరంగల్ చుట్టుపక్కల పత్తి, మిర్చి పెట్టి మునిగిపోయిన కౌలు రైతుల ఇళ్లలో కూడా అదే కథ. మనిషి పోయాడు, మిత్తి మాత్రం పెరుగుతూనే ఉంది, అత్తా కోడళ్లు మిగిలారు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో నేను బైబిల్లోని రూతు గ్రంథం తెరవడానికి కారణం ఇదే. మత్తయి సువార్త మొదటి అధ్యాయం యేసు వంశావళిలో రూతు పేరు చెబుతుంది. ఆమె కొడుకు ఓబేదు, మనవడు యెష్షయి, మునిమనవడు దావీదు. మనం డిసెంబరంతా పాడుకునే దావీదు పురం, అంటే బేత్లెహేము వెనుక, ఒకప్పుడు అక్కడి పొలాల్లో కంకులు ఏరుకున్న పరదేశి విధవరాలు ఉంది.

ఆమె ఎవరి గడప ముందూ చేయి చాచలేదు. యవల కోత మొదలవుతున్న రోజులవి. పరిగె, అంటే కోతలో రాలిన కంకులు, ఏరుకుంటానని అత్తకు చెప్పి పొలానికి వెళ్లింది. అలా వెళ్లే హక్కును మోషే ధర్మశాస్త్రమే ఆమెకు ఇచ్చింది. పొలం అంచుల్లో పైరును పూర్తిగా కోయకూడదు, రాలిన కంకుల కోసం వెనక్కి తిరగకూడదు, అవి బీదలవి, పరదేశులవి అని లేవీయకాండం 19లో ఉంది. ద్వితీయోపదేశకాండం 24 ఇంకో మాట కలిపింది. పొలంలో మరిచిపోయిన పన, అంటే కోసి కట్టిన కట్ట, కోసం కూడా మళ్లీ వెళ్లొద్దు, అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందుతుంది. ఇక్కడ రైతు దయ చూపించాడా లేదా అన్న ప్రశ్నే లేదు. అంచున నిలిచిన పైరు మొదటి నుంచీ అతనిది కాదు.

లేవీయకాండం 23 దగ్గర ఆగి చదవండి. ఆ అధ్యాయమంతా పండుగల వరుస. విశ్రాంతి దినం, పస్కా, ప్రథమ ఫలాల పన, ఆపైన ఏడు వారాల పండుగ. ఏ రోజు ఏం చేయాలో, ఏం అర్పించాలో చెప్పుకుంటూ వచ్చి, మధ్యలో 22వ వచనంలో మళ్లీ పొలం అంచుల సంగతి వస్తుంది. దాని తర్వాత శృంగధ్వని పండుగ మొదలవుతుంది. పండుగ ఆచారాల మధ్యనే పేదవాడి వాటా కూడా రాసి ఉంది. కొవ్వొత్తి వెలిగించడం ఎంత ఆరాధనో, అంచు వదలడమూ అంతే ఆరాధన.

మన దగ్గర ఆగమన కాలం వానాకాలం వడ్ల కోతలు ముగిసే వేళకు వస్తుంది. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్ల కుప్పలు ఇంకా తూకం కోసం ఎదురు చూస్తుంటాయి. ఇంటింటికీ స్టార్లు వేలాడతాయి, యువత క్యారల్స్‌కు తిరుగుతారు, ప్రతి సంఘంలో సెమీ క్రిస్మస్ తేదీ ఖరారవుతుంది. కాజీపేట ఫాతిమా కేథడ్రల్‌లో ఆచరించే తీరు వేరు, హన్మకొండ బాప్టిస్టు సంఘాల తీరు వేరు. అయినా పేదలకు దుప్పట్లు, చీరలు, బియ్యం ఇవ్వాలన్న ఆరాటం అన్ని చోట్లా ఉంది. ఆ ఆరాటం మంచిది. ఇచ్చే తీరు మాత్రం రూతు ఏరుకున్న పొలం యజమాని బోయజును చూసి నేర్చుకోవాలని నా కోరిక.

బోయజు తన పనివాళ్లకు ఏం చెప్పాడో చూడండి. ఆమెను అవమానపరచవద్దు, గద్దించవద్దు, కావాలనే పిడికెళ్లు జారవిడవండి, ఏరుకోనివ్వండి అన్నాడు. అవి తన కోసమే రాల్చినవని రూతుకు తెలియదు. సాయంత్రానికి తూమెడు యవలు దుల్లగొట్టుకుని తలెత్తుకుని ఇంటికి వెళ్లింది. ఇప్పుడు మన స్టేజీల మీద జరిగేది గుర్తు చేసుకోండి. పేరు పిలుస్తారు, ఆమె వస్తుంది, దుప్పటిని నలుగురు పట్టుకుంటారు, ఫోటో అయ్యేదాకా ఆమె నిలబడాలి. ఆ ఫోటో సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. ఆమె కూతురు బడిలో అది చూస్తుంది. ఇలా ఇవ్వకండి అని ప్రతి సంఘ పెద్దనూ చేతులు జోడించి అడుగుతున్నాను. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు చీకటి పడ్డాక ఆ ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుని, ప్రార్థన చేసుకుని, సంచి అక్కడ పెట్టి వస్తే చాలు.

కొన్ని సంఘాల్లో అమ్మలు వంటకు బియ్యం తీసే ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన వేసి, ఆదివారం గుడికి తెస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చే కానుక అది. ఎవరి పిడికెడు ఎవరి కంచంలోకి చేరిందో ఎవరికీ తెలియదు. యంత్రాలతో కోసే ఈ రోజుల్లో పొలంలో పరిగె పెద్దగా మిగలడం లేదు. ఇప్పుడు మన అంచులు జీతంలో ఉన్నాయి, పెళ్లి ఖర్చులో ఉన్నాయి, క్రిస్మస్ లైటింగ్‌కూ సౌండ్ సిస్టమ్‌కూ రాసుకున్న లెక్కలోనూ ఉన్నాయి. ఎంత వదలాలో ధర్మశాస్త్రం అంకె చెప్పలేదు. తర్వాతి యూదు బోధకులు పంటలో 60వ వంతుకు తగ్గకూడదన్నారు. ఖర్చులన్నీ పోగా మిగిలింది ఇవ్వడం వేరు, కొడవలి పట్టకముందే అంచును విడిచిపెట్టడం వేరు.

మన పొరుగున మెదక్ కేథడ్రల్ కట్టిన కాలాన్ని కూడా తలుచుకోవాలి. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర కరువు కాలంలో జనానికి ఆ కట్టడంలో పని కల్పించి తిండి పెట్టాడు. 1924 డిసెంబరు 25న ఆ గుడిని ప్రతిష్ఠించారు. ఆకలితో వచ్చినవాళ్లు తమ చేతులతో పేర్చిన రాళ్లు అవి.

రూతు కథ తూమెడు యవలతో ఆగదు. బోయజు ఊరి గుమ్మం దగ్గర కూర్చుని, పదిమంది పెద్దల ముందు ఆ కుటుంబం పొలం వ్యవహారం తేల్చాడు. అది తేలేదాకా అతను ఊరుకోడని నయోమి ముందే చెప్పింది. బియ్యం సంచి పదిహేను రోజుల్లో అయిపోతుంది, కాగితాల పని ఏళ్లు పడుతుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ. 5 లక్షల సాయం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. అది అందాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలి, పాస్‌పోర్టు కాపీ కావాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. వితంతు పింఛనుకూ అంతే. చదువు రాని అత్తా కోడళ్లు మీసేవ ముందు నిలబడి టెన్షన్ పడుతున్నప్పుడు సంఘంలో ఉన్న టీచరో, రిటైరైన గుమాస్తానో పక్కన నిలబడితే, బోయజు కూర్చున్న గుమ్మం అక్కడే ఉన్నట్టు. ఆ ఇల్లు మన సంఘంలోదా కాదా అని అడగవద్దు. రూతు మోయాబీయురాలు, పరదేశి పేరు ధర్మశాస్త్రంలోనే ఉంది. సాయానికి బదులుగా గుడికి రమ్మని అడగడం కూడా సరికాదు.

యవల కోత, ఆ వెనుక గోధుమల కోత ముగిసేదాకా రూతు అదే పొలంలో ఏరుకుంది. బోయజు ఒక్క రోజుతో ఆపలేదు. ఈ ఆగమన కాలం మొదటి ఆదివారమే మీ వాడలో అలాంటి ఇళ్లేవో స్త్రీల సమాజంతో కూర్చుని గుర్తించండి. డిసెంబరుతో ఆపకుండా యాసంగి పంట ఇంటికి వచ్చేదాకా ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో ఆ రోజే పంచుకోండి.