టిల్లర్ మొరాయిస్తుంటే తగ్గించాల్సింది రేస్ కాదు, గేర్

మొదటిసారి టిల్లర్ (తిరిగే బ్లేడ్లతో నేల దున్నే చిన్న మెషిన్) పట్టుకున్నప్పుడు నాకు ఆ శబ్దం అంటేనే భయం వేసింది, అందుకని రేస్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, సగానికి తగ్గించేసి, పని మాత్రం తొందరగా అయిపోవాలని రెండో గేర్ వేసి మొదలుపెట్టా. నేల గట్టిది, రెండేళ్లుగా ఎవరూ తవ్వనిది. మెషిన్ నాలుగు అడుగులు వెయ్యడం, ఎగిరి పడటం, బ్లేడ్లు పైపైన గీరడం, ఇంకొంచెం నొక్కితే ఇంజిన్ ఆగిపోవడం, మళ్లీ తాడు లాగడం. సాయంత్రానికి సగం మడి కూడా కాలేదు, అయిన సగంలో కూడా తెగిన చోట తెగింది, తెగని చోట గట్టి చారలు అలాగే ఉండిపోయాయి. చేతులు రాత్రంతా జివ్వుమంటూనే ఉన్నాయి.

మెషిన్‌లోనే ఏదో తేడా ఉందనుకున్నా. మర్నాడు పొద్దున ప్లగ్ తుడిచా, బెల్ట్ బిగుతు చూశా, బ్లేడ్ల బోల్టులు చూశా, అన్నీ బాగానే ఉన్నాయి. ఇక వేరే దారి లేక రేస్ పూర్తిగా పెట్టి, గేర్ మొదటిదానికి దించి, లోతు తగ్గించి నడిపా. అదే నేల, అవే బ్లేడ్లు, కానీ ఈసారి మెషిన్ ఎగరలేదు, నెమ్మదిగా నమిలినట్టు ముందుకు పోయింది, వెనక మట్టి వరసగా విచ్చుకుంటూ వచ్చింది. అప్పటినుంచి దీని గురించి చాలా ఆలోచించా, మాన్యువల్ కూడా కూర్చుని చదివా, ఇప్పుడు నాకు అర్థమైనంత వరకు రాస్తున్నా.

టిల్లర్‌లో స్పీడ్ అంటే ఒకటి కాదు, రెండు. చక్రాలు ముందుకు పోయే స్పీడ్ ఒకటి, బ్లేడ్లు తిరిగే స్పీడ్ ఇంకొకటి. నేల ఎలా తెగుతుందనేది ఈ రెండింటిలో ఏ ఒక్కదాని వల్లా కాదు, ఒకదానితో పోలిస్తే ఇంకొకటి ఎంత అనే దాని మీద ఉంటుంది. ఒక బ్లేడ్ మట్టిని కొట్టి పైకి వచ్చి, దాని వెనక బ్లేడ్ దిగేలోపు మెషిన్ ఎంత దూరం జరుగుతుందో అంత మందం ముక్క తెగుతుంది. ఉదాహరణకి గంటకి 1 కిలోమీటర్ స్పీడ్‌తో నడుస్తున్నాం అనుకోండి, అంటే నిమిషానికి దాదాపు 17 మీటర్లు. బ్లేడ్లు నిమిషానికి 200 సార్లు తిరుగుతూ ఒకే గాడిలో రెండు బ్లేడ్లు కొడుతుంటే నిమిషానికి 400 దెబ్బలు, ఒక్కో దెబ్బకి 4 సెంటీమీటర్ల పైచిలుకు ముక్క తెగుతుంది. చక్రాల గేర్ పెంచి 2 కిలోమీటర్ల స్పీడ్‌కి పోతే అదే ముక్క 8 సెంటీమీటర్లు దాటుతుంది. గట్టి నేలలో 8 సెంటీమీటర్ల ముక్కని ఒక్క దెబ్బకి చీల్చడం చిన్న ఇంజిన్ వల్ల కాదు, అందుకే బ్లేడ్ నేలలోకి దిగకుండా పైకి ఎక్కేసి మెషిన్ ఎగురుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది, నేనూ అక్కడే పొరబడ్డా. వెనక బ్లేడ్లు ఉండే టిల్లర్లలో చక్రాలకీ బ్లేడ్లకీ తిప్పుడు ఒకే ఇంజిన్ నుంచి వస్తుంది కదా, కాబట్టి రేస్ తగ్గిస్తే రెండూ కలిసే తగ్గుతాయి. సగం రేస్‌లో చక్రం సగం స్పీడ్, బ్లేడ్ కూడా సగం స్పీడ్, కాబట్టి ముక్క మందం ఏమీ మారదు. రేస్ తగ్గించాం కాబట్టి నెమ్మదిగా, జాగ్రత్తగా దున్నుతున్నాం అని మనకి అనిపిస్తుంది, నిజానికి బ్లేడ్ మీద పడే భారం అంతే ఉంటుంది, దాన్ని మోసే బలం మాత్రం పోతుంది. ముక్క మందం మార్చేది గేర్ ఒక్కటే. కొన్ని మెషిన్లలో గేర్ బదులు బెల్ట్‌ని ఒక పుల్లీ నుంచి ఇంకో పుల్లీకి మార్చాలి, పెద్ద పవర్ టిల్లర్లు కొన్నింటిలో అయితే చక్రాల గేర్లు కాక బ్లేడ్లు తిరిగే రోటరీకి కూడా విడిగా రెండు స్పీడ్లు ఉంటాయి, ఏదైనా లెక్క ఇదే.

రేస్ ఎందుకు పూర్తిగా ఉంచాలంటే, ఈ చిన్న పెట్రోల్ ఇంజిన్లు చాలావరకు నిమిషానికి 3600 చుట్ల దగ్గర పూర్తి పవర్ ఇస్తాయి, తిప్పే బలం మాత్రం 2500 చుట్ల దగ్గర్లో అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. పూర్తి రేస్‌లో ఉన్నప్పుడు రాయో వేరో అడ్డం వస్తే ఇంజిన్ కాస్త నెమ్మదిస్తుంది, అలా నెమ్మదించేకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది, పైగా ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ కూడా కార్బ్యురేటర్ తెరిచి ఇంధనం ఎక్కువ పంపిస్తుంది, దెబ్బ దాటేస్తుంది. అదే మనం ముందే రేస్ తగ్గించి ఆ 2500 కంటే కింద నడుపుతుంటే, భారం పడగానే స్పీడ్ పడిపోతుంది, స్పీడ్‌తో పాటు బలమూ పడిపోతుంది, ఇంకేముంది, ఆగిపోతుంది. ఇంకో సంగతి, ఇవి గాలితో చల్లబడే ఇంజిన్లు, ఫ్యాన్ ఇంజిన్ చక్రానికే ఉంటుంది, రేస్ తగ్గితే గాలి కూడా తగ్గుతుంది. తక్కువ రేస్‌లో ఎక్కువ భారం మోయించడం కంటే ఇంజిన్‌కి చెడు చేసేది ఇంకొకటి లేదని నా నమ్మకం. రేస్ లీవర్‌ని కారు యాక్సిలరేటర్ లాగా మాటిమాటికీ ఆడించకూడదు, పెట్టి వదిలెయ్యాలి, మిగతాది గవర్నర్ చూసుకుంటుంది.

మరి గేర్ ఎలా ఎంచుకోవాలి అంటే, నేను ముందు నేలని చూస్తా. ఎప్పుడూ తవ్వని నేల, గడ్డి పట్టిన నేల, బంకమట్టి అయితే మొదటి గేర్, లోతు బెత్తెడు కూడా వద్దు, 5 నుంచి 7 సెంటీమీటర్లు చాలు. మొత్తం మడి ఒకసారి తిరిగాక లోతు పట్టీ (బ్లేడ్లు ఎంత లోతు దిగాలో సరిచేసే ఇనప పట్టీ) ఒక రంధ్రం దించి అదే గేర్‌లో ఇంకోసారి, వీలైతే మొదటిసారి నిలువుగా పోతే రెండోసారి అడ్డంగా. ఇలా మూడుసార్లకి 15, 20 సెంటీమీటర్లు, అంటే జానెడు లోతు వస్తుంది. మొదటిసారే జానెడు లోతు పెట్టి మెషిన్ మీద పడి నొక్కే వాళ్లని చూస్తే నాకు ఆ మెషిన్ మీద జాలేస్తుంది. ఏటా దున్నే మెత్తటి నేల, ఇసుక పాలు ఎక్కువున్న నేల అయితే రెండో గేర్ ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది, మొదటి గేర్‌లో పోతే ఆ మట్టిని అనవసరంగా పిండి చేస్తాం. ఎరువు కలపాలంటే మళ్లీ మొదటి గేర్, ముక్కలు చిన్నగా ఉంటేనే ఎరువు మట్టిలో అంతటా కలుస్తుంది.

గేర్ సరిగ్గా ఉందో లేదో మీటర్ చెప్పదు, చేతులు చెప్తాయి, చెవులు చెప్తాయి. హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకున్నా మెషిన్ తిన్నగా పోతుంటే గేర్ సరిపోయినట్టు. హ్యాండిల్ దడదడా కొడుతుంటే, మెషిన్ ముందుకి ఉరుకుతూ మనల్ని లాక్కుపోతుంటే గేర్ ఎక్కువ లేదా లోతు ఎక్కువ. ఇంజిన్ శబ్దం ఒకే స్థాయిలో ఉండాలి, మధ్యమధ్యలో కొంచెం తగ్గి వెంటనే లేస్తే ఫర్వాలేదు, తగ్గి అలాగే మూలుగుతూ ఉండిపోతే వెంటనే లోతు తగ్గించాలి. ఇక బ్లేడ్లు చక్రాలు తిరిగే వైపే తిరిగే మెషిన్లు గట్టి నేలలో బ్లేడ్ల మీదే పరిగెత్తాలని చూస్తాయి, బ్లేడ్లు ఎదురు తిరిగే రకం అలా ఉరకదు, గట్టి నేలకి అదే నయం, కాకపోతే వేళ్లు ఎక్కువున్న చోట అదీ ఇబ్బంది పెడుతుంది.

ముందు బ్లేడ్లు ఉండే చిన్న టిల్లర్లకి చాలావాటికి ముందుకి ఒకటే గేర్ ఉంటుంది, వాటి చక్రాలు ఊరికే అటూ ఇటూ తీసుకెళ్లడానికే, నడిపించేది బ్లేడ్లే. అక్కడ స్పీడ్ సెట్టింగ్ ఏదంటే వెనక నేలలోకి గుచ్చుకునే ఆ ఇనప పట్టీయే. అది కిందకి దించితే బ్రేక్ వేసినట్టు, మెషిన్ నెమ్మదించి ఉన్నచోటే లోతుగా తవ్వుతుంది, పైకి లేపితే పైపైన తవ్వుకుంటూ గబగబా పోతుంది. హ్యాండిల్ కొంచెం నొక్కితే పట్టీ నేలని పట్టుకుంటుంది, కొంచెం ఎత్తితే వదిలేస్తుంది, ఈ నొక్కడం ఎత్తడం చేతికి అలవాటయ్యేదాకా మొదటి అరగంట కష్టంగానే ఉంటుంది. ఆ పట్టీని పట్టించుకోకుండా నాలుగు బోల్టులు విప్పి పక్కన పడేసిన వాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ పట్టీ లేకపోతే దాని స్పీడ్ మన చేతిలో ఉండదు.

పదును, అంటే దున్నడానికి మట్టిలో ఉండాల్సినంత తడి, దాని గురించి చెప్పకపోతే ఈ గేర్ల గోలంతా వృథా. పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికి బొటనవేలితో నొక్కితే ముద్ద పొడిపొడిగా విరిగిపోవాలి. విరగకుండా మెరుస్తూ సాగితే ఆ రోజు టిల్లర్ బయటికి తియ్యొద్దు, ఏ గేర్ పెట్టినా తప్పే. తడి మట్టిని బ్లేడ్లు కొయ్యవు, అడుగున రుద్ది నున్నగా పూత పూస్తాయి, ఆ అడుగు ఆరాక పలకలా గట్టిపడి నీళ్లూ దిగవు, వేళ్లూ దిగవు. పైన పెళ్లలు ఎండాక ఇటుకల్లా అవుతాయి. మరీ ఎండిపోయి ముద్దే కట్టకపోతే ముందు నీళ్లు పెట్టి రెండు మూడు రోజులు ఆగడం మేలు.

రెండో ఏడాది నేను ఇంకో వైపు తప్పు చేశా. మొదటి గేర్ మంచిదని తెలిసింది కదా అని అదే గేర్‌లో, పూర్తి రేస్‌లో, మడిని ఐదారు సార్లు తిప్పా. మట్టి పిండిలా వచ్చింది, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో, కాలు పెడితే చీలమండ దాకా దిగిపోయేది. విత్తనాలు వేశాక పెద్ద వాన ఒకటి పడింది, తర్వాత ఎండ కాసింది, పైన పెచ్చు కట్టేసింది. మొలకలు ఆ పెచ్చు కింద వంకర తిరిగి పాలిపోయి ఉన్నాయి, వేలితో పెచ్చు లేపి చూస్తే ప్రాణం ఉసూరుమంది. సగానికి సగం పోయాయి. మట్టి రేణువులు చిన్న చిన్న ఉండలుగా అతుక్కుని ఉంటేనే మధ్యలో గాలి, నీళ్లు ఆడతాయి, ఆ ఉండల్ని మరీ కొట్టి పొడి చేస్తే వాన చినుకు దెబ్బకి అదంతా మెత్తగా పరుచుకుని మూసుకుపోతుంది. ఇప్పుడు పైన శనగగింజంత ఉండలు కనిపిస్తూ, అక్కడక్కడా కొంచెం పెద్దవి ఉన్నా సరే ఆపేస్తున్నా. విత్తనం పడే గీత వరకు రేక్‌తో సరిచేస్తే చాలు.

గరిక, తుంగ ఉన్న చోట కూడా ముక్క చిన్నదైతే నష్టమే. గరిక వేరు కణుపు కణుపుకీ మొలుస్తుంది, మొదటి గేర్‌లో ముక్కలు ముక్కలుగా నరికితే ఒక మొక్కని ఇరవై చోట్ల నాటినట్టు. అలాంటి చోట నేను ముందు చేత్తో గడ్డపారేసి వేళ్లు లాగేస్తా, ఎంత విసుగైనా సరే. పొడవు గడ్డి బ్లేడ్ల ఇరుసుకి చుట్టుకుంటే ఇంజిన్ మూలుగుతుంది, అది గేర్ తప్పనుకుని గేర్ మార్చి లాభం లేదు, ఇంజిన్ ఆపి, ప్లగ్ వైర్ తీసేసి, అప్పుడే చెయ్యి పెట్టి కోసి తియ్యాలి.

పూర్తి రేస్ అని ఇంతసేపు చెప్పా కానీ ఒక్క చోట నేనే తగ్గిస్తా, సాళ్ల మధ్య కలుపు తీసేటప్పుడు. అక్కడ లోతు 3 నుంచి 5 సెంటీమీటర్లే, ఇంజిన్‌కి భారమే లేదు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బ్లేడ్ల చక్రం నిమిషానికి 200 సార్లు తిరిగితే బ్లేడ్ కొన సెకనుకి దాదాపు 3 మీటర్ల వేగంతో మట్టిని విసురుతుంది, పక్కనున్న లేత మొక్కలు మట్టిలో కూరుకుపోతాయి. ముప్పావు రేస్‌లో పెడితే విసురు తగ్గుతుంది. మొక్కలు గట్టిపడ్డాక మళ్లీ మామూలే.

గేర్ మార్చేముందు క్లచ్ వదిలి బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా ఆగండి, తిరుగుతుండగా మారిస్తే గేర్ పళ్లు కొరుక్కుంటాయి. రివర్స్‌లో బ్లేడ్లు ఆపే పోవాలి, వెనక ఏముందో చూసుకుని, అదీ తక్కువ రేస్‌లోనే, మన కాళ్లు ఉండేది అటువైపే.

మొన్న ఆ పెచ్చు కట్టిన మడినే మళ్లీ దున్నా. పదును చూసుకుని, మొదటి గేర్‌లో ఒకసారి పైపైన, రెండోసారి లోతు దించి ఎరువుతో కలిపి, పైన సర్దడానికి రెండో గేర్‌లో ఒక్కసారి తిరిగి మెషిన్ పక్కన పెట్టేశా. ఇంకోసారి తిప్పాలని చేతులు లాగాయి, తిప్పలేదు. పైన ఉండలు ఉండలుగానే ఉంది. మళ్లీ వాన పడింది, ఈసారి నీళ్లు నిలవలేదు, ఆరో రోజుకి సాళ్ల వెంట మొలకలు వరసగా లేచాయి.